మంటకు కొంత, దెబ్బకు కొంత

"ఆర్మర్ వేసుకోమంటావా, రెసిస్టెన్స్ వేసుకోమంటావా?" అని మా అక్క ఫోన్ చేసి అడిగినప్పుడు నేను రాజమండ్రిలో మా ఇంటి వరండాలో కూర్చుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తున్నాను. మధ్యాహ్నం భోజనాలైపోయి వీధి సద్దుమణిగిన వేళ. అక్క గొంతులో ఆట ఉత్సాహం లేదు. డాక్టరు రెండు మందులు రాసి, వీటిలో ఒకటే మింగాలి, ఏదో మీరే తేల్చుకోండి అన్నట్టుగా అడిగింది.

"వాడేమంటున్నాడు?" అన్నాను.

"వాడి సంగతి తర్వాత. నువ్వు చెప్పు."

"ఆర్మర్."



"వాడు రెసిస్టెన్స్ అన్నాడు. మీరిద్దరూ ఒకటే చెబితే నాకు మంచిరోజులొచ్చినట్టే" అని పెట్టేసింది.

వాడంటే మా తమ్ముడు. మేం ముగ్గురం. అక్క పెద్దది; జిల్లా పరిషత్ హైస్కూల్లో సోషల్ పాఠాలు చెప్పి రిటైరై, రావులపాలెంలో ఉంటోంది. మా బావగారికి అక్కడ అరటి మార్కెట్లో కమీషను వ్యాపారం. తెల్లవారకముందే మార్కెట్‌కి వెళ్ళి, మధ్యాహ్నానికి వచ్చి భోంచేసి పడుకుంటారు. ఆయన పడుకున్న ఆ కాసేపు అక్కది. తమ్ముడు తణుకు అవతల మా ఊళ్ళోనే వ్యవసాయం చేసుకుంటున్నాడు. నేను పేపర్లో పనిచేశాను, చాలాకాలం జిల్లా ఎడిషన్ డెస్కులో; ఈమధ్యనే బయటికొచ్చాను.

ఆట అక్కకి నేర్పింది వాళ్ళమ్మాయి. ఉద్యోగానికి బెంగుళూరు వెళుతూ ట్యాబ్లో ఎక్కించి ఇచ్చింది, అమ్మా కూతుళ్ళిద్దరూ కలిసి ఆడుకోవచ్చని. కొండలు, కోటలు, మృగాలు, కత్తులు. ఆ అమ్మాయికి డ్యూటీ వేళలు మారి ఆడడం మానేసింది. అక్క మానలేదు. జట్టుకి ముగ్గురు కావాలని ముందు తమ్ముణ్ణి లాగింది, తర్వాత నన్ను. ముగ్గురం ఆట తెరిచి, పక్కన ఫోన్లో కాన్ఫరెన్స్ పెట్టుకుని మాట్లాడుకుంటూ ఆడతాం. అక్క ముందు నిలబడుతుంది. ఎదుటివాళ్ళ దెబ్బలన్నీ తనమీదకి తెచ్చుకోవడం ఆమె పని. ఆటవాళ్ళు దాన్ని ట్యాంక్ అంటారు. తమ్ముడు వెనకనుంచి బాణాలేస్తాడు. నేను గాయాలు మాన్పుతాను.

వినడానికి ఇది సరదాగా ఉంటుంది. కానీ అప్పటికి మూడేళ్ళుగా మా తమ్ముడు నాతో మాట్లాడడంలేదు. ఆటలోనూ మాట్లాడడు. నేను లైన్లో ఉన్నానని తెలిసే, "అక్కా, ఆయన్ని కాస్త ముందుకి రమ్మను, అంత వెనక నిలబడితే నీకు మందు అందదు" అంటాడు. నేను ముందుకి వెళతాను. "అక్కా, వాణ్ణి ఎడమపక్క చూసుకోమను" అంటాను నేను. వాడు ఎడమపక్క చూసుకుంటాడు. అక్క మధ్యలో ఏమీ అనక్కర్లేదు. మాట ఆమె పేరుమీదుగా వెళితే చాలు. బయటి ప్రపంచంలో ఆ మాత్రం కూడా లేదు. పెళ్ళిళ్ళలో ఎదురుపడితే వాడు కారు పార్కింగు వైపు వెళ్ళిపోయేవాడు. అందుకే అక్కకి ఆ ఆట ప్రాణమైంది. మేమిద్దరం ఒకరి గొంతు ఒకరం వినే చోటు అదొక్కటే. ఒకసారి నాతో పైకే అంది: "గెలిస్తే గెలుస్తాం, పోతే పోతాం. మీరిద్దరూ రావాలి, అంతే."

ఇప్పుడు ఆర్మర్ సంగతి. ఆటలో మనిషికి రెండు రకాల రక్షణ ఉంటుంది. కత్తి, బల్లెం, కోర, గోరు: వీటి దెబ్బ తగ్గించేది ఇనప కవచం, అదే ఆర్మర్. నిప్పుని, మంచుని, పిడుగుని ఇనుము ఆపదు. వాటికి వేరే తొడుగులున్నాయి, తోలువి; రెసిస్టెన్స్ అంటే అవే. నిప్పుని తట్టుకునే తొడుగు వేసుకుంటే మంట బాగా తగ్గుతుంది, అయితే ఒంటిమీద ఇనుము ఉండదు కాబట్టి బల్లెం నిండా దిగుతుంది. తల, ఛాతీ, చేతులు, కాళ్ళు, పాదాలు, అన్నిటికీ ఒకే రకం వేసుకుంటేనే దాని పూర్తి బలం వస్తుంది. ఆ తొడుగుల్ని కొలిమిలో గట్టిచేయించుకోవాలంటే ఒకరకం నీలంరాళ్ళు కావాలి. అవి మెల్లగా దొరుకుతాయి. ఒకదాంట్లో పెట్టిన రాయి తిరిగి రాదు.

మేం అప్పుడు కాలిపోయిన ఒక కోట ద్వారం దగ్గర ఆగిపోయి ఉన్నాం. ద్వారానికి అడ్డంగా ఎద్దులాంటి ఒక పెద్ద జంతువు నిప్పు కక్కుతూ ఉంటుంది. దాని చుట్టూ బల్లేలవాళ్ళు తిరుగుతుంటారు. ఎన్నిసార్లు వెళ్ళినా అక్క పడిపోతోంది. అక్క దగ్గర పోగైన రాళ్ళు ఒక రకానికే సరిపోతాయి.

నా వాదన ఇది. నిప్పు కనబడుతుంది. జంతువు కక్కేముందు మెడ వెనక్కి వంచుతుంది, అప్పుడు పక్కకి జరిగితే సరి. బల్లేలవాళ్ళు అలా కాదు. పొగలో ఎవరు ఎటునుంచి పొడుస్తున్నారో తెలియదు, ఒక్కో పోటూ చిన్నదే, అన్నీ కలిసి మనిషిని పడేస్తాయి. నేను ప్రతిసారీ గమనించాను, అక్క పడింది ఎక్కువగా బల్లేలకే. తుఫాను వచ్చినప్పుడు మా డెస్కులో అందరం గాలి వేగం చుట్టూ హెడ్డింగు పెట్టేవాళ్ళం. గాలి తగ్గిపోయాక, లోపలి పేజీల్లో చిన్నచిన్న వార్తలు వచ్చేవి: నానిన గోడ కూలి ఒకరు, తెగిపడిన కరెంటు తీగ తొక్కి ఒకరు. నాకు ఆ లోపలి పేజీల మీదే నమ్మకం.

తమ్ముడి వాదన వాడిది. దాన్ని నేను అంత తేలిగ్గా తీసెయ్యలేకపోయాను. "తప్పుకోవచ్చు అంటున్నారు ఆయన. ఎవరు తప్పుకోవాలి? అక్కకి వేళ్ళు ఒకప్పట్లా తిరగవు. పొద్దున్నే చెంబు పట్టుకోవడానికే బిగుసుకుపోయి ఉంటాయి. ఆవిడకి నిప్పు తగులుతుంది, తగులుతుందనే అనుకుని సిద్ధం కావాలి. బల్లెం పోట్లకి మందు వెయ్యడానికి ఆయన ఉన్నారుగా."

అక్క వేళ్ళు బిగుసుకుపోతున్న సంగతి నాకు తెలియదు. వాడికి తెలుసు.

ఆ మాఘమాసంలో అక్క అన్నవరంలో వ్రతం పెట్టుకుంది. వాళ్ళమ్మాయికి ఉద్యోగం స్థిరపడిందని మొక్కు. నన్ను రమ్మంది. తమ్ముణ్ణీ రమ్మంది. రెండోవాడు వస్తున్నాడని ఇద్దరికీ చెప్పలేదు. వ్రతం మండపంలో వాడు ఒక చివర, నేను ఒక చివర కూర్చున్నాం. అయిపోయాక సత్రం వరండాలో అందరం ఆకుల్లో ప్రసాదం పెట్టుకుని కూర్చున్నాం, అక్క మాకు మధ్యలో. ఆమె ట్యాబ్ తీసి మోకాలిమీద పెట్టుకుంది.

"రాళ్ళు సరిపడా అయ్యాయి. ఇక్కడే తేలిపోవాలి. స్వామి సన్నిధిలో చెప్పండి" అంది.

"అక్కా, నిప్పు రెండుసార్లు తగిలిందంటే నువ్వు లేవవు. చెప్పు ఆయనకి" అన్నాడు తమ్ముడు.

"పక్కనే ఉన్నాడుగా. నువ్వే చెప్పు."

"నేను నీకే చెబుతున్నాను."

"అక్కా, వాణ్ణి ఒక్కసారి నువ్వు పడిపోయాక తెరమీద ఏం చూపిస్తోందో చదవమను. నిప్పుకి పోయింది తక్కువ, బల్లేలకి పోయింది ఎక్కువ" అన్నాను.

"చదివాను అక్కా. నిప్పుకి ముందే సగం ప్రాణం పోయి ఉంటే బల్లెం పొడిచినట్టే కనబడుతుంది. ఆఖరి పోటు ఎవరిదో రాసుకోవడం పేపరువాళ్ళకి అలవాటు."

మాకు ఎదురుగా కూర్చున్న ఒక ముసలావిడ ప్రసాదం నోట్లో పెట్టుకోబోయి ఆగిపోయింది. "ఎక్కడండీ నిప్పంటుకుంది? ఎవరండీ పోయింది?"

"ఏంలేదండి, వీళ్ళ ఆటలోనండి. మీరు తినండి" అన్నారు బావగారు. తర్వాత మా వైపు తిరిగి, "ఏవోయ్, మీ అక్కని కాల్చి చంపుతారా, పొడిచి చంపుతారా, ఏదో ఒకటి తేల్చండి. అవతల నేను బస్సు చూసుకోవాలి" అన్నారు.

తమ్ముడు నవ్వాడు. నాకూ నవ్వొచ్చింది. ఒకే మాటకి ఇద్దరం నవ్వి ఎన్నాళ్ళైందో. అక్క మా ఇద్దరి మొహాలూ మార్చిమార్చి చూసింది. అప్పుడామె మొహంలో కనబడిన ఆశ నన్ను కొంచెం భయపెట్టింది. నవ్వు ఆగాక తమ్ముడు లేచి చెయ్యి కడుక్కోవడానికి వెళ్ళాడు, మళ్ళీ వచ్చి కూర్చోలేదు. కొండ దిగేటప్పుడు వాడు ముందు, నేను వెనక.

మా గొడవ ఎక్కడ మొదలైందో చెప్పాలి. నాన్న పోయాక పొలం పంచుకున్నాం. అక్క తనకేమీ వద్దంది, పంపకం మాత్రం తను చెప్పినట్టు జరగాలంది. మా పొలానికి ఒక కొసన నీళ్ళొచ్చే పంటబోదె, రెండో కొసన నీళ్ళు బయటికి పోయే మురుగుబోదె. బోదె దగ్గర ఉన్నవాడికి ముందు నీళ్ళు. కింద ఉన్నవాడికి దాళ్వాలో, అంటే ఎండాకాలపు పంటకి, నీళ్ళు సరిగా అందవు, సార్వాలో వానలకి మునక. ఎగువ ఒకడికి, దిగువ ఒకడికి ఇస్తే అన్యాయమైపోతుందని అక్క భయం. మావైపు పాతవాళ్ళు చేసే పద్ధతే ఆమె చేయించింది. ప్రతి చేనూ ఎగువనుంచి దిగువదాకా నిలువునా చీల్చి, చెరో పట్టీ ఇప్పించింది. ఎవరికీ ఎక్కువ లేదు, ఎవరికీ తక్కువ లేదు. పెద్దమనుషులందరూ మెచ్చుకున్నారు. అయితే పాతరోజుల్లో కోత కొడవళ్ళతో జరిగేది. ఇప్పుడు మిషన్ దిగుతుంది. ఆ సన్నటి పట్టీలో మిషన్ వెనక్కి తిరగాలంటే పక్కవాడి చేలోకి దిగకుండా తిరగలేదు.

నేను ఉద్యోగంలో ఉండి నా పట్టీలు కౌలుకిచ్చాను. తమ్ముడికి కాకుండా వేరే ఆయనకి. అన్నదమ్ముల మధ్య కౌలు లెక్కలు వద్దని నేననుకున్నాను. తనమీద నమ్మకం లేక ఇవ్వలేదని వాడనుకున్నాడు. అప్పటినుంచే ముభావంగా ఉన్నాడు. ఒక దాళ్వాలో కౌలుదారు తన చేను ముందు పండితే మిషన్ పెట్టించాడు. అది పట్టీ చివర తిరుగుతూ తిరుగుతూ మా తమ్ముడి పచ్చిచేను తొక్కేసింది. తర్వాత నేను వెళ్ళి అడిగితే కౌలుదారు, "ఆయ్, డ్రైవరుకి తెలీదండి, గట్టు కనబళ్ళేదండి" అన్నాడు. తమ్ముడు మాత్రం గట్టుమీద పదిమందిలో నన్ను అన్నాడు, నేను అన్నీ తెలిసే చేయించానని. నేనూ ఏదో అన్నాను. అక్కడితో మాటలు ఆగిపోయాయి.

అన్నవరం నుంచి వచ్చిన వారం తర్వాత ఒక మధ్యాహ్నం అక్క, "రండిరా, ఇవాళ చూద్దాం, నేను సిద్ధం" అంది. ఏం వేసుకున్నావని నేను అడగలేదు. అడిగితే జవాబు నాకో వాడికో నచ్చదు. వాడూ అడగలేదు. ద్వారం దగ్గరికి వెళ్ళాం.

అక్క మునుపటికంటే త్వరగా పడిపోయింది. నిప్పు ఒకసారి తగిలేసరికి సగం పోయింది, బల్లేలవాళ్ళు చుట్టుముట్టగానే మిగతాదీ పోయింది. మళ్ళీ వెళ్ళాం. మళ్ళీ అంతే. నేను మందు వేస్తూనే ఉన్నాను. చిల్లుకుండలో నీళ్ళు పోస్తున్నట్టుంది.

"అక్కా, ఒక్కసారి నీ తొడుగులు చూపించు" అన్నాడు తమ్ముడు.

ఆమె తెరిచి చూపించింది. తలకి ఇనుము. ఛాతీకి తోలు. చేతులకి ఇనుము, కాళ్ళకి తోలు. పాదాలకి ఏదో పాతది. రాళ్ళన్నీ అన్నిట్లోకీ తలా కొంచెం పంచేసింది.

"ఇలా ఎవరు చెప్పారు నీకు?"

"ఇద్దరూ చెప్పిందే చేశాను" అంది అక్క. "మంటకి కొంత, దెబ్బకి కొంత. తప్పేంటి?"

నాకు ఆ బొమ్మ చూస్తుంటే మా పొలం కనబడింది. ప్రతిదీ నిలువునా చీల్చి, ఎవరికీ లోటు రాకుండా, ఎవరికీ పనికిరాకుండా. 

"తప్పేంటంటే, రాళ్ళన్నీ పోయాయి" అన్నాడు తమ్ముడు. "ఒకటి నిండా ఉంటేనే పనిచేస్తుందని మొదట్నుంచీ చెబుతున్నాను. ఆయన మాట వినదలచుకుంటే పూర్తిగా ఆయన మాటే వినాల్సింది. నాకేం బాధ లేదు. నన్నెందుకు అడగడం మరి?"

"ఒరేయ్..."

వాడు ఆట మూసేశాడు. మర్నాడు రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. కలుపు పని ఉందన్నాడట. కలుపు పని ఇలా రోజూ ఉండదని అక్కకీ తెలుసు, నాకూ తెలుసు.

ఆ తర్వాత కొన్ని వారాలు బాగా గడవలేదు. అక్క ఒక్కతే ఆటలోకి వెళ్ళి కొండలవెంట తిరిగి రాళ్ళు ఏరుకునేది. నేను ఎప్పుడు తెరిచినా ఆమె పేరు పక్కన పచ్చచుక్క వెలుగుతూ ఉండేది. పొద్దున్నే కాఫీ వేళకి ఉండేది, మధ్యాహ్నం ఉండేది. నేనూ వెళ్ళి తోడుగా నడిచేవాణ్ణి.  ఒకరోజు బావగారు నాకు విడిగా ఫోన్ చేశారు.

"మీ అక్క మణికట్టుకి కట్టు కట్టుకుని మరీ ఆడుతోందయ్యా. ఏంటే ఇది అంటే, వాడు రావాలండి అంటుంది. వాడొస్తే ఏమవుతుందే అంటే మళ్ళీ ఆ ట్యాబ్‌లోకి దూరిపోతుంది. నువ్వైనా చెప్పు, ఆ దిక్కుమాలిన ఆట మానెయ్యమని."

"నేను చెబితే వినదండి."

"మరి ఎవరు చెబితే వింటుంది? ఇద్దరు తమ్ముళ్ళున్నారు, ఒకడూ పనికిరాడు."

కళ్ళు చూపించుకోవడానికి అక్క రాజమండ్రి వచ్చినప్పుడు మా ఇంట్లోనే దిగింది. ఆస్పత్రినుంచి ఆటోలో వస్తుంటే, చుక్కల మందు వేసిన కళ్ళకి నల్లద్దాలు పెట్టుకుని, నా వైపు తిరక్కుండానే చెప్పింది.

"రాళ్ళు అయ్యాయిరా. ఈసారి మొత్తం నిప్పు తొడుగే చేయిస్తాను."

"అది తప్పు అక్కా. బల్లేలకి ఆగవు."

"ఆగకపోవచ్చు."

"తెలిసీ ఎందుకు మరి?"

"వాడు వస్తాడు" అంది. "నీ మాట వింటే వాడు రాడు. వాడి మాట వింటే నువ్వు అలుగుతావు, అలిగినా వస్తావు. నువ్వెక్కడికి పోతావు?"

ఆటో వంతెన కింద ట్రాఫిక్‌లో ఆగింది. డ్రైవరు ఇంజన్ ఆపేశాడు. నాకు కోపం వచ్చింది. తప్పని తెలిసిన వార్తని ఎవరో పెద్దమనిషి నొచ్చుకుంటాడని వేసినట్టుంది నాకు. ఆమె నన్ను మెచ్చుకుందో, లోకువ కట్టిందో కూడా తేలలేదు.

"సరే" అన్నాను.

"సరే అని మొహం అలా పెట్టకు. నాకు కనబడకపోయినా తెలుస్తుంది."

తమ్ముడు మళ్ళీ ఆటలోకి వచ్చాడు. అక్క ఫోన్ చేసి, నీ మాటే విన్నానురా అని చెప్పిందట. ఆ మధ్యాహ్నం లైన్లోకి రాగానే వాడి గొంతు తేలిగ్గా ఉంది. వెనకనుంచి మోటారు చప్పుడు వినబడుతోంది, షెడ్డులో కూర్చున్నట్టున్నాడు. "అక్కా, ఇవాళ ఏం భయపడకు. నిప్పులో నిలబడి నవ్వు" అన్నాడు.

నిజంగానే అలా నిలబడింది. జంతువు మెడ వెనక్కి వంచి నిప్పు కక్కింది. తెర అంతా ఎర్రగా అయిపోయింది, అందులోంచి అక్క మనిషి కదలకుండా కనబడింది. ప్రాణం గీత కొంచెమే తగ్గింది. "చూశావా! చూశావా అక్కా!" అని అరిచాడు తమ్ముడు. అక్క చిన్నపిల్లలా నవ్వింది. ఇంత దూరం మేం ఎప్పుడూ రాలేదు. నేను పొరబడ్డానేమో అనుకున్నాను. పొరబడి ఉంటే బాగుండునని కూడా అనుకున్నాను.

అప్పుడు బల్లేలవాళ్ళు వచ్చారు. ఒకడు, ఇద్దరు, పొగ వెనకనుంచి ఇంకొందరు. అక్క ఒంటిమీద ఇనుము లేదు. ప్రతి పోటూ నిండా దిగింది. నేను మందు వేశాను, మళ్ళీ వేశాను. నా శక్తి అడుగంటింది. ఆఖరి మందు చేతిలో ఉండగా ఒక బల్లెం నాకు తగిలింది, నేనూ పడిపోయేలా ఉన్నాను. ఆ మందు నాకు వేసుకున్నాను. ఆటలో అది తెలిసిన పద్ధతే. మాన్పేవాడు పోతే ఇంకెవరూ మిగలరు. అక్క పడిపోయింది. ఆమె పడ్డాక మేమెంతసేపు? ఇద్దరం పడిపోయాం.

"కావాలనే వదిలేశావు" అన్నాడు తమ్ముడు.

అది అక్కతో అన్న మాట కాదని అర్థం కావడానికి నాకు క్షణం పట్టింది.

"ఏంటి?"

"ఆఖరిది నువ్వు వేసుకున్నావు. నేను చూశాను. అక్క నీ మాట వినలేదని పడనిచ్చావు."

"నేను పోతే అక్కకి వెయ్యడానికి ఇంకెవరున్నార్రా? బుర్ర పెట్టి ఆలోచించు."

"అంతేలే. చేలోనూ అంతేగా. నువ్వు నిలబడితే చాలు, పక్కవాడి చేను ఏమైతే నీకేంటి!"

"ఆ మిషన్‌ని నేను పంపలేదు. నీకు ఎన్నిసార్లు..."

"ఆపలేదుగా! మిషన్ ఇంకా చేలోకి దిగకముందే గట్టుమీదనుంచి అక్కకి ఫోన్ చేశాను. కౌలాయన దగ్గర నా మాట చెల్లదు, అన్నయ్యకి చెప్పు, ఒక్క మాట చెప్పి ఆపించమని. చెప్పాను, చూస్తానన్నాడు అంది అక్క. నేను గట్టుమీద నీ ఫోన్ కోసం నిలబడ్డాను. నా కళ్ళముందే తొక్కేశాడు."

"నాకెవరూ చెప్పలేదు" అన్నాను.

"అబద్ధాలాడకు."

"నాకెవరూ చెప్పలేదురా. మర్నాడు కౌలాయన ఫోన్ చేసి చెబితేనే తెలిసింది."

  ఇద్దరం అక్క మాట కోసం చూస్తున్నాం. అటువైపు ఆమె ఇంట్లో ఫ్యాను తిరుగుతున్న చప్పుడు తప్ప ఏమీ వినబడలేదు.

"అక్కా" అన్నాడు తమ్ముడు.

"చెప్పలేదురా" అంది అక్క. గొంతు చాలా మామూలుగా ఉంది, స్కూల్లో హాజరు చదువుతున్నట్టు. "నువ్వు కోపంలో ఉన్నావు. వాడికి చెబితే వాడు నీమీద లేస్తాడనుకున్నాను. కాసేపాగితే నువ్వే చల్లబడతావు, మిషన్ దానంతటదే పక్కకి వెళ్ళిపోతుంది అనుకున్నాను. వాడితో చెప్పానని నీతో అన్నాను. తర్వాత మీరిద్దరూ అంతంత మాటలనుకున్నాక ఎలా చెప్పను?"



"ఎవరో ఒకరి పక్కన ఉన్నానని మీరనుకోకూడదని చూశాను. నేను చేసింది అంతే" అంది.

తెరమీద మా ముగ్గురి బొమ్మలూ ద్వారం ముందు పడి ఉన్నాయి. తిరిగి లేవాలంటే ఒక మీట నొక్కాలి. ఎవరూ నొక్కలేదు. మోటారు చప్పుడు ఆగిపోయింది, తమ్ముడు కట్టేసినట్టున్నాడు.  నాకు అక్కమీద కోపం రావాలి. వచ్చింది కూడా. దాంతోపాటు, గట్టుమీద ఫోను చేతిలో పట్టుకుని నా పిలుపు కోసం నిలబడ్డ మనిషి కనబడ్డాడు. ఈ మూడేళ్ళలో నేను వాణ్ణి ఎన్నోరకాలుగా ఊహించుకున్నాను, అలా ఎప్పుడూ ఊహించుకోలేదు.

"అన్నయ్యా, నేను సాయంత్రం చేస్తాను నీకు" అన్నాడు తమ్ముడు. లైన్లోంచి వెళ్ళిపోయాడు.

నేను, అక్క మిగిలాం.

"నీకు చేస్తానన్నాడు" అంది అక్క కొంతసేపటికి. "నాతో ఏమీ అనలేదు."

"వాడికి టైము పడుతుంది."

"నీకో?"

  అటు, వాళ్ళింటి లోపలనుంచి బావగారు నిద్రలేచి టీ అడుగుతున్న గొంతు వినబడింది. "వస్తున్నానండి" అంది అక్క, కానీ లేచిన చప్పుడు లేదు. ఫోను పెట్టెయ్యలేదు. నేనూ పెట్టెయ్యలేదు.